వెలలేనిదా, విలువలేనిదా? సముద్రానికి లెక్క కట్టడం ధర్మమేనా?

పటమట నుంచి మీ అక్కని.

క్షీరసాగర మథనం వీడియో పెట్టాక ఒక తమ్ముడు నాకు ఇలా రాశాడు. "అక్కా, నేను హైదరాబాదులో ఒక కన్సల్టింగ్ కంపెనీలో చేస్తాను. మా టీమ్‌కి ఒక ప్రాజెక్టు వచ్చింది. సముద్ర తీరానికి, మడ అడవులకి రూపాయల్లో విలువ కట్టాలి. సైంటిస్టులు, ఎకనమిస్టులు కలిసి కూర్చుని ఎక్సెల్ షీట్లు నింపుతున్నారు. మీరేమో సముద్రుడు సాక్షాత్తు లక్ష్మీదేవికి తండ్రి అన్నారు. తల్లి పుట్టింటికి రేటు వేయడం పాపం కాదా? నేను ఈ పని చేయొచ్చా?"

మనకి ఎక్కువగా వచ్చే ప్రశ్నలు వేరు. ఏ వ్రతానికి ఏ నైవేద్యం, ఏకాదశి నాడు టీ తాగొచ్చా, ఇలాంటివి. వాటికి పుస్తకం చూసి జవాబు చెప్పేయొచ్చు. ఈ ప్రశ్నకి అలా కుదరలేదు. పది రోజులు చదివాను, ఇంట్లో వాళ్ళతో వాదించాను. నాకు అర్థమైనది మీ ముందు పెడుతున్నాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

వెల వేరు, విలువ వేరు

ముందు మన భాషనే అడుగుదాం. తెలుగులో వెల అనే మాట ఉంది, విలువ అనే మాట ఉంది. రెండూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. కానీ రెండిటికీ "లేనిది" అని తగిలించి చూడండి. వెలలేనిది అంటే ఎంత డబ్బు పోసినా దొరకనిది. విలువలేనిది అంటే ఎందుకూ పనికిరానిది. ఒకటి గర్భగుడిలోకి పోతుంది, ఇంకోటి చెత్తబుట్టలోకి పోతుంది.

ఇప్పుడు ఒక ఆఫీసు ఫైలు ఊహించుకోండి. ఒక తీరంలో వంద ఎకరాల మడ అడవి ఉంది. అక్కడ చెరువులు తవ్వితే ఎంత ఆదాయం, ఎన్ని ఉద్యోగాలు, ఎంత పన్ను, అన్నిటికీ అంకెలు రాశారు. మడ అడవి ఎదురుగా ఉన్న గడి మాత్రం ఖాళీ. మనలాంటి భక్తులు ఆ గడి చూసి "అది వెలలేనిది కాబట్టి రాయలేదు" అనుకుంటాం. ఫైలు కూడిక వేసే మనిషి దాన్ని సున్నా అని చదువుకుంటాడు. మనం వెలలేనిదని దండం పెట్టిన చోటే అతను విలువలేనిదని సంతకం పెడతాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. అడవి మాత్రం పోయింది.

శాస్త్రవేత్తలు, ఆర్థికవేత్తలు కలిసి చేస్తున్న ఈ పని అంతా ఆ ఖాళీ గడి దగ్గరే మొదలైంది.

వాళ్ళు అసలు ఏం లెక్క కడుతున్నారు?

1997లో రాబర్ట్ కోస్టాంజా, ఇంకో పన్నెండు మంది కలిసి నేచర్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. అందులో జీవావరణ శాస్త్రవేత్తలూ ఉన్నారు, ఆర్థికవేత్తలూ ఉన్నారు. భూమ్మీద ప్రకృతి మనకి ఏడాదికి చేసిపెట్టే పనుల విలువ సగటున 33 లక్షల కోట్ల డాలర్లని లెక్క తేల్చారు. అప్పట్లో ప్రపంచ దేశాలన్నిటి ఉత్పత్తి కలిపితే 18 లక్షల కోట్ల డాలర్లు. మనిషి సంపాదన కంటే ప్రకృతి ఊరికే ఇచ్చేది దాదాపు రెట్టింపు అన్నమాట. అందులోనూ సగానికి పైగా సముద్రాలది, తీరాలదే.

ఆ అంకె మీద పెద్ద గొడవే జరిగింది. మైకేల్ టోమన్ అనే ఆర్థికవేత్త, అది అనంతాన్ని బాగా తక్కువ చేసి చెప్పిన అంచనా అని చమత్కరించాడు. ఆ మాట చదివి నేను నవ్వుకున్నాను. సముద్రంలో అనంతుడి మీద పడుకున్న స్వామిని రోజూ తలుచుకునే వాళ్ళం మనం. అనంతానికి అంకె వేస్తే ఎంత వేసినా తక్కువే అని మనకి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు.

టోమన్ మాటలో అసలు పాయింటు ఇంకొకటి ఉంది. మొత్తం సముద్రం విలువ ఎంత అని అడగడంలో అర్థం లేదు. అది పోతే లెక్క కట్టడానికి మనమే ఉండం. ఈ తీరంలో ఈ వంద ఎకరాలు పోతే ఎవరికి ఎంత నష్టం అని అడిగితే మాత్రం జవాబు దొరుకుతుంది. తర్వాత మంచి పనులన్నీ ఈ రెండో దారిలోనే జరిగాయి. మన దేశానికే చెందిన బ్యాంకర్ పవన్ సుఖ్‌దేవ్ 2007 తర్వాత ఐక్యరాజ్యసమితి అండతో నడిపిన అధ్యయనం, కేంబ్రిడ్జి ఆర్థికవేత్త పార్థా దాస్‌గుప్తా బ్రిటన్ ఆర్థికశాఖ కోసం 2021లో ఇచ్చిన రిపోర్టు, అదే ఏడాది ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ప్రకృతి లెక్కల పద్ధతి, ఇవన్నీ ఒక వరస.

వీళ్ళు చెప్పేది సింపుల్‌గా ఇది. మడ అడవి కొట్టి చెరువు తవ్వితే దేశం ఆదాయం పెరిగినట్టు కనబడుతుంది. తుఫాను వచ్చి ఊరు మునిగితే, మళ్ళీ ఇళ్ళు కట్టిన సిమెంటు ఖర్చు కూడా ఆదాయం కిందే చేరుతుంది. పోయిన అడవి మాత్రం ఏ ఖాతాలోనూ తగ్గదు. ఇంట్లో బంగారం అమ్ముకు తింటూ "ఈ నెల ఆదాయం బాగుంది" అని చెప్పుకునే మనిషిని చూసి మన పెద్దవాళ్ళు ఏమంటారో మీకు తెలుసు.

ఒడిశా చెప్పిన పాఠం

పక్క రాష్ట్రంలో జరిగిన రెండు అధ్యయనాలు చెప్తాను. 1999 అక్టోబరు 29న ఒడిశాని సూపర్ సైక్లోన్ కొట్టింది. తర్వాత సౌదామినీ దాస్ అనే ఆర్థికవేత్త, జెఫ్రీ విన్సెంట్‌తో కలిసి కేంద్రపాడా జిల్లాలో వందల గ్రామాల లెక్కలు తీసింది. ఏ ఊళ్ళో ఎంతమంది చనిపోయారు, ఆ ఊరికీ సముద్రానికీ మధ్య ఎంత వెడల్పు మడ అడవి ఉంది, ఊరు ఎంత ఎత్తులో ఉంది, ఎంత దూరంలో ఉంది, అన్నీ విడదీసి చూశారు. మడ వెడల్పు ఎక్కువ ఉన్న ఊళ్ళలో చావులు తక్కువ. 2009లో ఇది అచ్చయింది. అందులో ఇంకో నిజం కూడా దాచకుండా రాశారు: ప్రభుత్వం ముందుగా ఇచ్చిన హెచ్చరిక మడ కంటే ఎక్కువ ప్రాణాలు కాపాడింది. నాకు ఆ నిజాయితీ నచ్చింది. తమకి ఇష్టమైన దాన్ని పెంచి చెప్పలేదు.

రెండోది రుచి బడోలా, ఎస్.ఎ. హుస్సేన్ 2005లో రాసింది. భితర్‌కనికా దగ్గర మూడు ఊళ్ళు తీసుకున్నారు. ఒక ఊరికి మడ అడవి అడ్డం ఉంది. ఒక ఊరికి మడ లేదు, కట్ట ఉంది. ఇంకో ఊరికి రెండూ లేవు. అదే తుఫానులో ఒక్కో ఇంటికి సగటు నష్టం ఎంత? మడ ఉన్న ఊళ్ళో సుమారు 33 డాలర్లు. రెండూ లేని ఊళ్ళో 44. కట్ట ఉన్న ఊళ్ళో దాదాపు 154! కట్టని నమ్ముకున్న ఊరే ఎక్కువ పోగొట్టుకుంది. కట్ట దాటి లోపలికి వచ్చిన ఉప్పునీటికి తిరిగి పోయే దారి ఉండదు కదా. పొలంలోనే నిలబడిపోతుంది.

ఇది చదివినప్పుడు నాకు వాల్మీకి రామాయణం యుద్ధకాండ గుర్తొచ్చింది. రాముడు దర్భల మీద మూడు రాత్రులు పడుకుని సముద్రుణ్ణి దారి అడిగాడు. పలక్కపోతే కోపం వచ్చి బాణం ఎక్కుపెట్టాడు. అప్పుడు సముద్రుడు పైకి వచ్చి ఏం చెప్పాడు? భూమి, గాలి, ఆకాశం, నీళ్ళు, అగ్ని అన్నీ వాటి స్వభావంలోనే ఉంటాయి, లోతుగా ఉండటం, దాటరాకుండా ఉండటం నా స్వభావం, దాన్ని నేను వదులుకోలేను, కానీ నువ్వు వారధి కట్టుకుంటే మోస్తాను అన్నాడు. రాముడంతటివాడు ఆ మాట ఒప్పుకున్నాడు. స్వభావంతో పోట్లాడకుండా దానితో ఒప్పందం చేసుకున్నాడు. మడ చెట్టు చేసేది అదే. అల వస్తే వేళ్ళతో నెమ్మదింపజేస్తుంది, మళ్ళీ వెళ్ళనిస్తుంది. శాస్త్రవేత్త ఆ స్వభావం ఏమిటో చెప్తాడు, ఆర్థికవేత్త దాన్ని పోగొట్టుకుంటే ఎంత పడుతుందో చెప్తాడు. ఒకడు లేకుండా ఇంకోడి మాట సగమే.

తులాభారంలో మనం చూడని సంగతి

ఇక తమ్ముడి అసలు ప్రశ్న. అంత పెద్దదాన్ని తూకం వేయొచ్చా?

మన తెలుగువాళ్ళకి ఈ ప్రశ్న కొత్త కాదు. శ్రీకృష్ణ తులాభారం కథ తెలియని ఇల్లు లేదు. సత్యభామ తన దగ్గరున్న బంగారం అంతా వేసింది, నగలన్నీ వేసింది, స్వామి కూర్చున్న పళ్ళెం కదల్లేదు. రుక్మిణి ఒక్క తులసి దళం పెట్టింది, తూగింది. భగవంతుణ్ణి డబ్బుతో తూచలేం, భక్తితోనే తూచగలం అని మనం నీతి చెప్పుకుంటాం. నిజమే.

కానీ ఒక్క క్షణం ఆగి ఇంకోటి అడుగుదాం. అసలు తూకం ఎందుకు వేయాల్సి వచ్చింది? సత్యభామ వ్రతం పేరుతో స్వామిని నారదుడికి దానం ఇచ్చేసింది. తిరిగి తెచ్చుకోవాలంటే సమానమైన ధనం ఇవ్వమన్నాడు నారదుడు. అంటే త్రాసు తెచ్చేనాటికే స్వామి చెయ్యి జారిపోయాడు! "నా స్వామిని తూకం వేస్తారా, ఎంత అపచారం" అని అప్పుడు సత్యభామ అని ఉంటే, నారదుడు నవ్వి వెంట తీసుకుపోయేవాడు.

ఇంకో సంగతి. ఆ త్రాసు అబద్ధం చెప్పలేదు. "నీ బంగారం చాలదు" అని అందరి ముందూ నిజం చెప్పింది. సత్యభామ అహంకారాన్ని దించింది త్రాసే. మంచి లెక్క చేసే పని కూడా ఇదే. నువ్వు తవ్వే చెరువు ఆదాయం ఈ పళ్ళెంలో పెట్టు, ఆ తీరం చేసే పని ఆ పళ్ళెంలో పెట్టు అంటుంది. చాలాసార్లు బంగారం పైకి లేచిపోతుంది.

కాబట్టి నా జవాబు: తూకం వేయడం దానికదే పాపం కాదు. మన తీరాలు ఎప్పుడో దానం అయిపోయాయి. విడిపించుకోవడానికి త్రాసు కావాలి.

మన కృష్ణమ్మ ఒడ్డున

దూరం ఎందుకు, మన కింద జిల్లానే చూద్దాం. మా పటమట నుంచి బందరు రోడ్డు పట్టుకుని, పామర్రు దగ్గర కిందికి తిరిగి, అవనిగడ్డ వైపు వెళ్తే దివిసీమ. చివర్లో హంసలదీవి, వేణుగోపాల స్వామి గుడి, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. నాగాయలంక, ఎదురుమొండి వైపు వెళ్తే మడ అడవులు. 1989లో కృష్ణా అభయారణ్యంగా ప్రకటించిన చోటు ఇది, సుమారు 195 చదరపు కిలోమీటర్లు. తెల్ల మడ, నల్ల మడ, తిల్ల చెట్లు ఉంటాయి. నీళ్ళలో దిగి చేపలు పట్టే బావురుపిల్లి ఇక్కడ ఉంది. ఈ తీరంలో తాబేళ్ళు వచ్చి గుడ్లు పెడతాయి. రొయ్య పిల్లలు, పీతలు, చేప పిల్లలు ఆ వేళ్ళ మధ్య దాక్కుని పెరిగి తర్వాత సముద్రంలోకి పోతాయి. అంటే మడ అడవి సముద్రానికి అంగన్‌వాడీ లాంటిది.

ఇదే సీమని 1977 నవంబరు 19న ఉప్పెన ముంచింది. మా అమ్మమ్మది అవనిగడ్డ దగ్గర ఊరు. ఆవిడ ఆ రాత్రి గురించి ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. "నీళ్ళు నడుచుకుంటూ రాలేదే, గోడలాగా వచ్చాయి" అనేది, అక్కడితో ఆపేసేది. వేల ప్రాణాలు పోయాయి. అంత ఉప్పెనని ఏ అడవీ పూర్తిగా ఆపలేదు, అది కూడా నిజమే చెప్పుకోవాలి. కానీ ఒడిశా లెక్కలు చూశాక, ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్న ప్రతి చెట్టూ నాకు వేరేలా కనబడుతోంది.

తర్వాత 1990ల్లో రొయ్యల చెరువులు వచ్చాయి. కోస్తా అంతా డబ్బు చూసింది. అబద్ధం ఎందుకు, పిల్లల చదువులు, అమెరికా టికెట్లు, విజయవాడ ఫ్లాట్లు ఎన్నో ఆ చెరువుల్లోంచి వచ్చాయి. దాంతోపాటే పక్క పొలాల్లోకి ఉప్పు ఊరింది, తాగునీటి బావులు చెడిపోయాయి, కొన్నిచోట్ల మడ పోయింది. తమిళనాడు గాంధేయవాది ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకి వెళ్ళారు. నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు తీరాలకి వచ్చి పరిశీలించారు. ఆంధ్ర, తమిళనాడు తీరాల్లో చెరువుల వల్ల వచ్చే ఆదాయం ఎంత, పర్యావరణానికీ ప్రజలకీ జరిగిన నష్టం ఎంత అని రెండు పళ్ళేల్లో పెట్టారు. నష్టమే ఎక్కువ తేలింది. 1996 డిసెంబరు 11న కోర్టు ఆ లెక్కని తీర్పులో ఎత్తి చూపి, తీర నియంత్రణ ప్రాంతంలో ఉన్న చెరువులు తీసేయమంది.

చూశారా, మన తీరానికి తులాభారం అప్పుడే జరిగింది. త్రాసు తన పని చేసింది. కానీ ఆ తర్వాత? 2005లో పార్లమెంటు తీర ఆక్వాకల్చర్ చట్టం తెచ్చి చెరువులకి మళ్ళీ దారి ఇచ్చింది. లెక్క నిజం చెప్పినంత మాత్రాన మనుషులు వింటారని గ్యారంటీ లేదు. రుక్మిణి తులసి దళం ఎందుకు కావాలో ఇక్కడే తెలుస్తుంది.

నాకున్న మూడు భయాలు

త్రాసు మంచిదే అన్నాను కదా అని కళ్ళు మూసుకోమనట్లేదు. మూడు భయాలు ఉన్నాయి.

మొదటిది, విలువ కట్టాక అది రేటు అయిపోతుంది. మన దేశంలో అడవి భూమిని వేరే పనికి వాడుకోవాలంటే నికర ప్రస్తుత విలువ అని డబ్బు కట్టాలి. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతి పెట్టింది. కంచన్ చోప్రా అనే ఆర్థికవేత్త నాయకత్వంలో కమిటీ వేసి, 2008లో హెక్టారుకి 4.38 లక్షల నుంచి 10.43 లక్షల దాకా రేట్లు ఖరారు చేసింది. అభయారణ్యమైతే అయిదు రెట్లు, జాతీయ పార్కైతే పది రెట్లు. ఉద్దేశం మంచిదే, అంతకుముందు అడవి దాదాపు ఉచితంగా పోయేది. కానీ డబ్బున్న కంపెనీ చేతిలో అదొక టికెట్టులా మారొచ్చు. మన ధర్మంలో ప్రాయశ్చిత్తం ఉంది, కానీ అది తప్పు జరిగిపోయాక, పశ్చాత్తాపంతో చేసేది. "ముందే డబ్బు కట్టేశాను, ఇప్పుడు తప్పు చేసుకుంటాను" అనే ప్రాయశ్చిత్తం ఏ శాస్త్రంలోనూ లేదు.

రెండోది, డబ్బుతో కొలిస్తే డబ్బున్నవాడి గొంతే పెద్దగా వినబడుతుంది. నాగాయలంక వైపు మడ కాలువల్లో యానాది కుటుంబాలు చేత్తో పీతలు పట్టుకుని బతుకుతాయి. రోజంతా బురదలో దిగితే వచ్చేది కొద్ది డబ్బు. షీట్‌లో అది చిన్న అంకె. ఒక రిసార్టు పెడితే వచ్చేది పెద్ద అంకె. కానీ ఆ చిన్న అంకె ఆ ఇంటికి మొత్తం అన్నం. నైవేద్యంలో కుచేలుడి అటుకులకి ఉన్న స్థానం ఎక్సెల్‌లో ఉండదు. కాబట్టి లెక్క వేసేవాడు ఎంత అని మాత్రమే రాయకూడదు, ఎవరికి అని కూడా రాయాలి.

మూడోది అన్నిటికంటే లోతైనది. ఎకనమిస్టులు భవిష్యత్తులో వచ్చే రూపాయిని ఈరోజు రూపాయి కంటే తక్కువగా లెక్కేస్తారు. ఏడాదికి 8 శాతం తగ్గింపు అనుకోండి. యాభై ఏళ్ళ తర్వాత మన మనవళ్ళకి అందే వంద రూపాయల మేలు ఈరోజు లెక్కలో రెండు రూపాయల చిల్లరే! చెరువు మూడేళ్ళలో డబ్బిస్తుంది, మడ వందేళ్ళు కాపలా కాస్తుంది. ఈ రేటుతో తూస్తే మడ ఎప్పుడూ ఓడిపోతుంది. తగ్గింపు రేటు ఎంత పెట్టాలన్నది పైకి గణితంలా కనబడుతుంది. లోపల ఉన్నది మనవడి ప్రాణం నా ప్రాణంతో సమానమా కాదా అనే ధర్మ సందేహం. ఆ ప్రశ్నకి జవాబు కంప్యూటర్ చెప్పదు.

మన దగ్గరున్న లెక్క: ఋణం

ఇక్కడే మన సంప్రదాయం పనికొస్తుందని నా నమ్మకం. లెక్కలు మనకి కొత్త కావు. మనిషి పుట్టగానే అప్పుతో పుడతాడు అంటారు పెద్దలు. దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం. గృహస్థు రోజూ చేయాల్సిన అయిదు యజ్ఞాల్లో భూత యజ్ఞం ఒకటి, అంటే మిగతా ప్రాణులకి వాటి వాటా పెట్టడం. కాకికి ముద్ద పెట్టేది ఊరికే కాదు.

వెలకీ ఋణానికీ తేడా ఏమిటంటే, వెల కడితే సంబంధం తెగిపోతుంది. దుకాణంలో డబ్బిచ్చి వస్తువు తెచ్చుకుంటే దుకాణదారుకీ మనకీ ఇంకేం లేదు. ఋణం అలా కాదు. అమ్మ ఋణం లెక్క కట్టి తీర్చేశాను అని ఎవరైనా అంటే ఊరంతా నవ్వుతుంది. కానీ అమ్మ కష్టం ఎంతో తెలుసుకోవడం తప్పా? ఆవిడ రోజుకి ఎన్ని గంటలు నిలబడిందో, ఏం వదులుకుందో లెక్కేసిన కొడుకు ఆవిణ్ణి అమ్మకానికి పెట్టడు, ఇంకాస్త వంగి కాళ్ళకి దండం పెడతాడు. లెక్క ఒకటే. అమ్మేవాడి చేతిలో వెల అవుతుంది, బాకీ ఉన్నవాడి చేతిలో ఋణం అవుతుంది.

తమ్ముడూ, ఇప్పుడు నీ జవాబు. ఆ ప్రాజెక్టు చెయ్యి. నువ్వు మానేస్తే ఆ గడి ఖాళీగా ఉండదు, పట్టింపు లేనివాడు నింపుతాడు. కాకపోతే మూడు నియమాలు పెట్టుకో. ఒకటి, నీ అంకె "ఆగండి" అని చెప్పడానికి వాడు, "ఇంత ఇస్తే తీసుకోండి" అని చెప్పడానికి వాడితే ఒప్పుకోకు. రెండు, ప్రతి అంకె పక్కన అది ఎవరి అన్నమో రాయి, ఎన్నేళ్ళ తర్వాతి పిల్లల్ని ఎంతకి తగ్గించావో పైకి కనబడేలా రాయి. మూడు, పోతే తిరిగి రానిదాన్ని త్రాసులో పెట్టకు. దానికి అంకె వేయకుండా "ఇది అమ్మకానికి లేదు" అని మాటల్లోనే రాయి. ఈ మూడిట్లో దేనికైనా మీ పైవాళ్ళు అడ్డం చెప్తే, అప్పుడు వదిలేయాలా వద్దా అని మళ్ళీ మాట్లాడుకుందాం.

మరి మనం?

మా ఇంట్లో జరిగిన వాదన కూడా చెప్పాలి. మా బాబాయ్‌కి దివిసీమలో కొంచెం పొలం ఉంది. చెరువుకి లీజు అడుగుతున్నారు. "సముద్రం విలువ గురించి సిటీలో కూర్చుని చెప్తారు, నాకు వరి మీద మిగిలేది ఎంతో మీకు తెలుసా?" అని అడిగాడు. ఆ మాట తీసేయలేం. తీరాన్ని కాపాడే భారం మొత్తం తీరంలో ఉన్న రైతు, జాలరి మీదే వేసి, మనం ఏసీ గదిలో భక్తి చూపించడం ధర్మం కాదు. తీరం చేసే మేలులో మనకీ వాటా ఉంది కాబట్టి, దాని ఖర్చులోనూ వాటా ఉండాలి. కేంద్రం 2023లో మొదలుపెట్టిన మిష్టి పథకం లాంటివి మడ పెంచడానికి ఉన్నాయి. ఆ డబ్బు ఊరి మనుషుల చేతికి అందుతోందా అని అడగాల్సింది ఓటు ఉన్న మనమే. బాబాయ్ ఇంకా ఏదీ తేల్చలేదు. నేనూ ఆయన్ని తొందరపెట్టట్లేదు.

సముద్రం మనకి దూరం కాదు. విజయవాడలో బ్యారేజీ గేట్లు మూస్తే కింద నదీముఖానికి మంచినీరు తగ్గుతుంది. పైన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోతే డెల్టా అంచు అలలకి కోసుకుపోతుంది. మనం కాలువలో వేసిన కవరు, నిమజ్జనం చేసిన ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ విగ్రహం చివరికి చేరేది అక్కడికే. మంచి వార్త కూడా ఒకటుంది. 1990ల చివర ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్, అటవీశాఖ, ఊరివాళ్ళు కలిసి కృష్ణా, గోదావరి ముఖద్వారాల్లో చెడిపోయిన మడ నేలల్లో చేప ముల్లు ఆకారంలో చిన్న కాలువలు తవ్వారు. పోటు నీళ్ళకి దారి దొరికింది, చెట్లు మళ్ళీ లేచాయి. ప్రకృతి మననుంచి అడిగేది చాలాసార్లు అంతే, దారి వదలడం.

హంసలదీవి పేరు వెనక కథ మీకు తెలిసే ఉంటుంది. అందరి పాపాలూ కడిగి కడిగి గంగమ్మ నల్లబడి కాకి రూపం ఎత్తిందట. ఒక్కో తీర్థంలో మునుగుతూ వచ్చి, ఇక్కడ కృష్ణా సాగర సంగమంలో మునగగానే తెల్లని హంస అయిందట. ఒక్కసారి ఆ కథని తిప్పి చదవండి. పాపాలు కడిగే నదికి కూడా తనని కడిగే చోటు ఒకటి కావాలి. ఆ చోటు మన కింద జిల్లాలో ఉంది. 2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి, లక్షల మందిమి మునుగుతాం. మన మురికి తీసుకుని ఆవిడ కిందికి వెళ్తే, అక్కడ ఆవిణ్ణి హంసని చేసే చోటు అప్పటికి మిగిలి ఉండాలా వద్దా?

హంసకి పాలనీ నీళ్ళనీ విడదీసే శక్తి ఉందంటారు. వెలని, విలువని విడదీసే ఆ బుద్ధి మనకి స్వామి ఇవ్వాలని కోరుకుందాం. ఈ వారం ఒక్క పని చేయండి. రుక్మిణి పెట్టింది పెద్ద వస్తువు కాదు, ఒక్క దళం. మీరు వదులుకోగలిగిన ఒక్కటి, నదిలోకి వెళ్ళకుండా ఆపగలిగిన ఒక్కటి, ఎంచుకుని స్వామి పాదాల దగ్గర సంకల్పం చెప్పుకోండి.

శ్రీకృష్ణార్పణమస్తు.